మతిమరుపుకు మొక్కల మందులు: నమ్మకం నుంచి పరీక్ష దాకా

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకు వెళ్ళి, పాస్‌బుక్ ఇంట్లోనే మరచిపోయి తిరిగివచ్చిన అనుభవం మనలో చాలామందికి ఉన్నదే. "వయసు మీద పడింది కదా" అని నవ్వుకుంటాం. కాని ఆ నవ్వు వెనుక కొంత భయం కూడా ఉంటుంది. ఆ భయమే మనచేత లేహ్యాలు, పొడులు, మాత్రలు కొనిపిస్తుంది. ఈ మొక్కల మందులను శాస్త్రజ్ఞులు ఎప్పుడు, ఎలా పరీక్షించారో, చివరకు ఏమి తేలిందో మిత్రులకు క్లుప్తంగా మనవి చేస్తాను. నేను వైద్యుణ్ణి కాను. ఉద్యోగమంతా జమాఖర్చులు సరిచూసినవాణ్ణి. ఆ అలవాటుతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన బ్రాహ్మి, మన సరస్వతి ఆకు

చరక సంహితలో బుద్ధిని, జ్ఞాపకాన్ని పెంచే మేధ్య రసాయనాలుగా నాలుగింటిని చెప్పారు: మండూకపర్ణి, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి. మండూకపర్ణి అంటే మన పెరళ్ళలో గుండ్రని ఆకులతో పాకే సరస్వతి ఆకు. కొన్ని ప్రాంతాలలో దీనినే బ్రాహ్మి అని కూడా పిలుస్తారు. అయితే ఈ కాలపు పరిశోధకులు బ్రాహ్మి పేరుతో ఎక్కువగా పరీక్షించినది వేరే మొక్క. అది నీటి చెమ్మ ఉన్నచోట పెరుగుతుంది, దాని ఆకులు చిన్నవి, మందమైనవి. శాస్త్రీయ నామం బకోపా మొన్నియేరి. పేరు ఒకటైనంత మాత్రాన ఒక మొక్క ఫలితాన్ని రెండవదాని ఖాతాలో జమ వేయకూడదు.

లక్నోలో 1951లో ఛత్తర్ మంజిల్ అనే నవాబుల భవనంలో కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ ప్రారంభమైంది. అక్కడి శాస్త్రజ్ఞులు హెచ్.కె. సింగ్, బి.ఎన్. ధావన్ బ్రాహ్మి సారాన్ని ఎలుకలకు ఇచ్చి, అవి కొత్త విషయాన్ని త్వరగా నేర్చుకుంటున్నాయని 1982లో ప్రకటించారు. ఆ తరువాత మనుషులపై పరీక్షలు జరిగాయి. 2001లో ఆస్ట్రేలియాలో 46 మంది ఆరోగ్యవంతులపై, 2008లో అమెరికాలో 65 ఏళ్ళు దాటిన 54 మందిపై జరిగిన పరీక్షలలో రోజుకు 300 మిల్లీగ్రాముల చొప్పున 12 వారాలు ఇచ్చారు. విన్న మాటలను కొంత సేపటి తరువాత గుర్తుచేసుకోవడంలో ఆ వృద్ధులకు కొంత మేలు కనిపించింది. కొందరికి కడుపులో ఇబ్బంది కూడా కలిగింది. ఫలితం ఆశాజనకమే. కాని పాల్గొన్నవారు కొద్దిమంది, పైగా మతిమరుపు జబ్బు లేనివారు. కాబట్టి బ్రాహ్మి ఆ జబ్బును నయం చేస్తుందని ఈ పరీక్షలు రుజువు చేయలేదు.

విషపు గింజ, మంచు పువ్వు

1906లో జర్మనీ వైద్యుడు అలోయిస్ ఆల్జైమర్ తన రోగి ఒకామె మెదడులో చూసిన మార్పులను వివరించాడు. తరువాత ఆ జబ్బుకు ఆయన పేరే వచ్చింది. 1970ల నడుమ, ఈ రోగుల మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని తయారుచేసే ఎంజైము బాగా తగ్గిపోతుందని బ్రిటన్ పరిశోధకులు కనుగొన్నారు. మిగిలిన ఆ కొద్ది రసాయనమైనా త్వరగా విరిగిపోకుండా ఆపితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది.

ఆ పని చేసే పదార్థం అప్పటికే ఒక మొక్కలో దొరికి ఉంది. నైజీరియాలోని కలబార్ ప్రాంతంలో నేరం మోపబడినవారికి ఒక గింజను తినిపించి, బతికితే నిర్దోషి అని తీర్పు చెప్పేవారు. ఆ గింజ నుంచి 1864లో ఫైసోస్టిగ్మిన్‌ను వేరుచేశారు. దీనిని జ్ఞాపకశక్తి కోసం పరీక్షించి చూడగా, ప్రభావం కొద్దిసేపే ఉండడం, వాంతుల వంటి బాధలు కలగడం వల్ల అది నిలబడలేదు. అయినా అదే దారిలో మార్పులు చేసి తయారుచేసిన రివాస్టిగ్మిన్ నేడు వాడుకలో ఉంది.

రెండవది గాలంటమిన్. కాకసస్ కొండలలో మంచు కరిగే వేళ పూసే తెల్లని స్నోడ్రాప్ పువ్వు దుంప నుంచి సోవియట్ శాస్త్రజ్ఞులు 1950ల ఆరంభంలో దీనిని తీశారు. బల్గేరియాలో దిమితర్ పాస్కోవ్ దీనిని మందుగా అభివృద్ధి చేశారు. మొదట్లో పోలియో అనంతర బలహీనతకు, నరాల జబ్బులకు వాడారు. పెద్ద పరీక్షల తరువాత 2001లో అమెరికా దీనిని ఆల్జైమర్ జబ్బుకు అనుమతించింది. ఇది జబ్బును నయం చేయదు. లక్షణాలను కొంతకాలం కొంతమేర తగ్గిస్తుంది. ఇక్కడ రోగికి ఇస్తున్నది ఆకు పొడి కాదనీ, శుద్ధి చేసి తూకం కట్టిన ఒకే ఒక్క రసాయనమనీ గమనించాలి.

గింకో చెప్పిన పాఠం

చైనాకు చెందిన గింకో చెట్టు ఆకుల సారం యూరప్, అమెరికాలలో విరివిగా అమ్ముడయింది. అందువల్ల అమెరికా ప్రభుత్వ సంస్థల సహాయంతో 2000లో ఒక పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. 75 ఏళ్ళు, ఆపై వయసుగల 3,069 మంది ఇందులో చేరారు. సగం మందికి రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాముల గింకో, మిగతావారికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందుతున్నదో మింగేవారికీ తెలియదు, పరీక్షించే వైద్యులకూ తెలియదు. సుమారు ఆరేళ్ళు గమనించి 2008లో ఫలితం ప్రకటించారు. మతిమరుపు జబ్బు వచ్చినవారు గింకో వర్గంలో 277 మంది, ఉత్తుత్తి మాత్ర వర్గంలో 246 మంది. అంటే గింకో జబ్బును ఆపలేదు. 2012లో ఫ్రాన్సు నుంచి వచ్చిన మరొక పెద్ద పరీక్ష ఫలితం కూడా ఇదే మాట చెప్పింది.

మా ఇంటి సంగతి

ఇదంతా ఎందుకు తెలుసుకున్నానో కూడా చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం మా అన్నయ్యకు మరుపు మొదలైంది. చెప్పిన మాటే మళ్ళీ చెప్పేవారు. తెలిసిన వీధిలోనే దారి తప్పేవారు. ఒక బంధువు ఆకు పొడి ఇచ్చి ఏడాది వాడమన్నాడు. వాడాము. అది తప్ప వేరే ఏమీ చేయలేదు. కాళ్ళు తిమ్మిరులెక్కి నడక తడబడినప్పుడుగాని వదిన పట్టుబట్టి డాక్టరుకు చూపించలేదు. రక్తపరీక్షలో బి-12 విటమిన్ బాగా తక్కువని తేలింది. ఇంజెక్షన్లతో అన్నయ్య జ్ఞాపకం చాలావరకు తిరిగి వచ్చింది. కాళ్ళ తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు. పొడి వల్ల హాని జరిగిందని నేను అనను. నష్టం చేసింది మేము పోగొట్టుకున్న ఆ ఏడాది.

విటమిన్ లోపం, థైరాయిడ్ లోపం, మనోవ్యాకులత, కొన్ని నిద్రమాత్రలు కూడా మరుపు తెస్తాయి. వీటికి చికిత్స ఉంది. కాబట్టి మిత్రులు ముందు పరీక్ష చేయించుకోవాలని, ఏ మూలిక వాడుతున్నా డాక్టరుకు చెప్పాలని నా విన్నపం. ముఖ్యంగా రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు గింకో జోలికి అడగకుండా పోరాదు. సరస్వతి ఆకు పచ్చడి మాకూ ఇష్టమే, ఇప్పటికీ చేసుకుంటున్నాం. పచ్చడిగా తింటున్నామే తప్ప మందు లెక్కలో రాసుకోవడం మానేశాం.