బంతి కొండచిలువ: పోషణము

పశ్చిమాఫ్రికాయందలి ఘానా, టోగో, బెనిన్ మొదలగు దేశముల గడ్డిమైదానములలో జనించి, నేడు ఐరోపా, అమెరికా ఖండముల గృహములందు పెంపుడు జంతువుగా విశేషప్రచారము నొందిన ఈ విషరహిత సర్పము సామాన్యముగా 1 నుండి 1.5 మీటర్ల పొడవు పెరుగును. బెదరినపుడు తలను చుట్టల నడుమ దాచుకొని ముడుచుకొనుట దీని స్వభావము. అయినను కొన్ని, ముఖ్యముగా పిల్లపాములు, మెడను వెనుకకు లాగి బుసకొట్టి కాటువేయుటయు గలదు. ఇది క్రౌర్యము గాదు, ఆత్మరక్షణమే.

పై పెదవి వెంబడి నుండు గుంటలు ఉష్ణమును గ్రహించునవి గావున, ఎలుక వాసన సోకిన పెట్టెలోనికి చొచ్చిన వెచ్చని చేయి దానికి ఆహారముగనే తోచును. అందుచేత నేర్పరులు తొలుత కొక్కెపుకఱ్ఱతో దేహమును మెల్లగా తాకి, అది మేతవేళ గాదని తెలిపి, పిమ్మట పైనుండి గాక ప్రక్కనుండి చేయి చాచి, నడిమి భాగమును రెండు చేతుల నానించి యెత్తుదురు.

మంచుగట్టించి నిలువచేసిన చచ్చిన ఎలుకను కరగించి, వేడినీట వెచ్చజేసి, పొడవైన పటకారుతో నందించుట మేలు. ప్రాణమున్న ఎలుక ఆకలిలేని పామును కొఱికి గాయపఱచును. మేసిన పిదప రెండు దినములు ముట్టరాదు; ముట్టినచో మ్రింగినది కక్కవచ్చును. నెలల తరబడి ఉపవసించుట దీనికి సహజమే. బరువు అంతగా తగ్గనంతవరకు పెంచువారి బెంగ నిష్కారణము.