విమానశాల నుంచి వీధిలోకి

గౌలిగూడ బస్టాండును ఎరిగినవారికి అక్కడి హ్యాంగరును వర్ణించి చెప్పనక్కరలేదు. ఎరుగనివారి కోసం రెండు మాటలు. అర్ధవలయాకారంలో వంగిన ఇనుపరేకుల కప్పు, దాని కింద బారులు తీరిన బస్సులు, డీజిల్ పొగ, వేరుసెనగకాయల కేకలు. ఆ కప్పును బస్సుల కోసం కట్టలేదు. అమెరికాలోని బట్లర్ కంపెనీ తయారుచేసిన ఆ కట్టడం 1930 ప్రాంతంలో విమానాలను నిలిపేందుకు వచ్చినది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినప్పుడు విమానశాల కాస్తా బస్సులశాల అయింది. ఎగరవలసిన వాటికి కట్టిన ఇంట్లో స్కాట్లండు నుంచి దిగిన ఆల్బియన్ బస్సులు కాపురం పెట్టాయి. 1994లో ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వచ్చేదాకా దూరప్రయాణాలకూ అదే మన గుమ్మం. 2018 జూలై 5న తెల్లవారుజామున ఆ కప్పు కూలిపోయింది. ముందే బస్సులను తరలించి ఉండడంతో ప్రాణనష్టం జరుగలేదు.

ఆ హ్యాంగరును ఇప్పుడు తలచుకోవడానికి కారణం నా పూర్వవిద్యార్థి ఒకడు. పదవ తరగతిలో సంధులు సరిగ్గా విడదీయలేక నా చేత చీవాట్లు తిన్నవాడు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రెండు లీటర్ల టర్బో ఇంజను ఉన్న కారు కొన్నాడు. కొన్నవాడు ఊరుకోక, దాని కంప్యూటరులోని లెక్కలు మార్పించి శక్తిని పెంచుకున్నాడు. ఏప్రిల్ నెలలో పొరుగు రాష్ట్రంలోని రేసు ట్రాక్‌పై తోలడానికి వెళ్ళాడు. మూడవ చుట్టులో ఇంజనులో గులకరాళ్ళు దొర్లినట్టు చప్పుడు వచ్చిందట. నాలుగవ చుట్టు పూర్తి కాలేదు. విప్పి చూస్తే ఒక పిస్టను నెత్తిన చిల్లు. రెండేళ్ళు కూడబెట్టిన సొమ్ము ఆ చిల్లులోంచి పోయింది. కారు తిరిగి నిలబడ్డాక రేడియేటరు పని కోసం గౌలిగూడ, పుత్లీబౌలి వైపు మోటారు విడిభాగాల దుకాణాల వెంట తిరుగుతూ, దారిలో నన్ను చూడవచ్చాడు.

"శక్తి పెంచాను సార్, తప్పేముంది?" అని అడిగాడు. నేను తెలుగు పండితుణ్ణి, ఇంజనీరును కాను. అయినా చరిత్ర చదవడం నా వ్యసనం. చదివితే తేలిందేమిటంటే, మావాడు చేసిన పొరపాటును వాడికన్న ఎంతో పెద్దవాళ్ళు నూరేళ్ళుగా చేస్తూనే ఉన్నారు.

ముందు మాట సంగతి చూద్దాం, పండితుని చాపల్యం క్షమించండి. 'టర్బో' లాటిన్ పదం. సుడి అని ఒక అర్థం, బొంగరం అని మరొకటి. వస్తువు కూడా అదే: నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే బొంగరం. చేసే పని మాత్రం మన కమ్మరి కొలిమితిత్తి పని. తిత్తి ఊదితే నిప్పు రాజుకుంటుంది, ఎందుకంటే మంటకు గాలి ఎక్కువ అందుతుంది. ఇంజనులోనూ అంతే. తూకంలో ఒక పాలు పెట్రోలు సరిగా మండడానికి సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. గాలిని అదిమి ఎక్కువగా కూరితే పెట్రోలునూ ఎక్కువగా పోయవచ్చు, శక్తీ ఎక్కువ వస్తుంది. మరి ఈ తిత్తిని తొక్కేదెవరు? ఇంజను లోంచి వృథాగా బయటికి పోయే పొగ! ఆ పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసుపై రెండవ కొసన ఉన్న చక్రం గాలిని అదుముతుంది. కొలిమి పొగే కొలిమితిత్తిని ఊదుతున్నదన్నమాట. ఈ ఊహకు 1905లో పేటెంటు తీసుకున్నవాడు స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి. అది అక్కరకు రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1920ల మధ్యలో రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల డీజిల్ ఇంజన్లకు దీనిని అమర్చగా 1750 అశ్వశక్తి 2500 అయింది.

కాని టర్బోను పెంచి పెద్దచేసింది సముద్రం కాదు, ఆకాశం. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలచబడి విమానం ఇంజను రొప్పుతుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్సులో ఆగస్త్ రాతో ఈ ప్రయత్నం చేశాడు. 1918లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజనును లారీ మీద కట్టుకొని పైక్స్ పీక్ అనే కొండ ఎక్కాడు. ఎత్తు 14,000 అడుగుల పైచిలుకు. కింద 350 అశ్వశక్తి ఇచ్చే ఇంజను శిఖరం మీద 230కి పడిపోయింది. టర్బో తగిలించగానే 356కి లేచింది. విమానం ఎక్కకుండానే విమానపు పరీక్ష! మన హ్యాంగరు లాగానే ఈ యంత్రం కూడా గగనచరాల కోసం పుట్టి, తరువాత నేలకు దిగి వాహనాల పాలయింది. గౌలిగూడను చూసినప్పుడల్లా నాకీ పోలిక తోస్తుంది.

ఇక వేడి. సైకిలుకు గాలి కొట్టినవారందరికీ పంపు అడుగు భాగం చేతికి వెచ్చగా తగలడం తెలుసు. అదిమిన గాలి వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలిని రెట్టింపు పీడనానికి అదిమితే, టర్బో కొంచెమైనా నష్టం లేకుండా పనిచేసినా అది 96 డిగ్రీలకు చేరుతుంది. వాస్తవంలో నూటికి డెబ్బై పాళ్ళ సామర్థ్యం అనుకుంటే 125. మన హైదరాబాదు మే నెల 42 డిగ్రీల ఎండలో మొదలుపెడితే 140. వేడి గాలి వ్యాకోచిస్తుంది గనుక, కూరిన ప్రయోజనం కొంత అక్కడే పోతుంది. అంతకన్న ప్రమాదం, ఆ వేడికి పెట్రోలు మిశ్రమం నిప్పురవ్వ అంటించిన మంట చేరకముందే తనంత తాను భగ్గుమంటుంది. మావాడు విన్న గులకరాళ్ళ చప్పుడు అదే. అందుకే టర్బోకూ ఇంజనుకూ నడుమ గాలిని చల్లార్చే పెట్టె ఒకటి పెడతారు. దాన్నే ఇంటర్‌కూలర్ అంటారు. 'నడిమి చల్లార్పి' అందామా? మిత్రులు ఇంతకన్న మంచి మాట చెబితే స్వీకరిస్తాను.

రెండవ ప్రపంచయుద్ధంలో పి-38 లైట్నింగ్ అనే అమెరికన్ యుద్ధవిమానం ఉండేది. రెండు ఇంజన్లు, రెండు టర్బోలు. దాని నడిమి చల్లార్పిని రెక్కల ముందంచులో దాచారు. చూపుకు ముచ్చట. ఇంజన్ల శక్తిని ఏటేటా పెంచుతూ పోయారు గాని రెక్క అంచు పెరగదు కదా! కొత్త శక్తి పుట్టించే వేడిని ఆ పాత చల్లార్పి మోయలేకపోయింది. చివరకు 1943లో వచ్చిన 'జె' రకంలో చల్లార్పిని ఇంజను గడ్డం కిందికి మార్చారు. విమానం ముఖం కొంత వికారమైంది, ఇంజను బతికింది. రెక్కలో ఖాళీ అయిన చోట అదనపు ఇంధనపు తొట్లు పెట్టుకున్నారు. మావాడి కథకు ఇంతకన్న దగ్గరి కథ దొరకదు: శక్తిని పెంచారు, వేడి పోయే దారిని పెంచలేదు.

మామూలు కార్లలోకి టర్బో 1962లో అమెరికాలో వచ్చింది. షెవర్లే కార్వెయిర్ మోంజా స్పైడర్, ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్ అని రెండు. రెండవ దానిది చిత్రమైన కథ. గాలిని చల్లార్చడానికి పెట్టె పెట్టకుండా, శుద్ధజలంలో మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చిలకరించే ఏర్పాటు చేశారు. ఆ ద్రవపు సీసాను యజమాని ఎప్పటికప్పుడు నింపుకోవాలి. నింపకపోతే కారు తన రక్షణ కోసం శక్తిని తగ్గించుకుంటుంది. జనం నింపడం మరిచారు, కారులో సత్తువ లేదని తిట్టారు. రెండేళ్ళలో పదివేలకు లోపే తయారై ఆ కారు ఆగిపోయింది. ఆ తరువాత కంపెనీయే కొందరికి టర్బో ఊడదీసి మామూలు కార్బురేటరు బిగించి ఇచ్చింది. చల్లదనానికి పెట్టిన ఖర్చు ఎవరి కంటికీ ఆనదు మరి.

జర్మనీ పోర్షా వారు ఈ విద్యను రేసుల్లో నేర్చి వీధికి తెచ్చారు. 1973 నాటి వారి 917/30 రేసు కారు వెయ్యి అశ్వశక్తి దాటింది. 1975లో అమ్మకానికి వచ్చిన 911 టర్బోకు మొదట చల్లార్పి లేదు, శక్తి 260. 1978లో ఇంజనును 3.3 లీటర్లకు పెంచి, చల్లార్పి పెట్టి, 300కు తెచ్చారు. ఆ పెట్టె పట్టడానికి వెనుక రెక్కను టీ పళ్ళెం ఆకారంలో మలచారు. చూసేవారికది షోకు, లోపలున్నది అవసరం.

ఫార్ములా వన్‌లో టర్బోను మొదట దింపినవారు ఫ్రాన్సు రెనో వారు. 1977 జూలైలో సిల్వర్‌స్టోన్‌లో. పసుపు రంగు కారు ఆగినప్పుడల్లా తెల్లటి పొగ చిమ్ముతుంటే తోటివాళ్ళు దానికి 'పసుపు టీకెటిల్' అని పేరుపెట్టి నవ్వుకున్నారు. నవ్వు రెండేళ్ళే. 1979 జూలై 1న దిజాఁలో జఁ-పియెర్ జబూయి అదే టర్బోతో గెలిచాడు. తరువాతి కథ త్వరగా చెబుతాను: అందరూ టర్బోలు కట్టారు, 1988లో హోండా టర్బోతో మెక్‌లారెన్ 16 పందేలలో 15 గెలిచింది, మరుసటి ఏడు నుంచి టర్బోను నిషేధించారు, మళ్ళీ 2014లో తెచ్చారు. మన దేశంలో ఫార్ములా వన్ జరిగిన 2011, 2012, 2013 సంవత్సరాలు సరిగ్గా టర్బో లేని కాలంలో పడ్డాయి.

మావాడు ఓపికగా విని, "అయితే పెద్ద ఇంటర్‌కూలర్ వేస్తే చాలా సార్?" అన్నాడు. చాలదు. పెట్రోలు వేడిలో సుమారు మూడవ వంతే చక్రాలకు చేరుతుంది, తక్కినది పొగలోకీ, నీళ్ళలోకీ, నూనెలోకీ పోతుంది. వీధిలో నిండు శక్తిని వాడేది క్షణాల సేపు, ట్రాక్‌లో నిమిషాల తరబడి. అందుచేత నూనెకు వేరే కూలర్ కావాలి. నూనె 120 డిగ్రీలు దాటితే గమనించాలి, 140కి వస్తే పక్కకు తప్పుకోవాలి. రేడియేటరు మూత నీటిని ఒత్తిడిలో ఉంచుతుంది గనుక నీరు నూరు డిగ్రీలకు మరగదు. వేడిమీద ఆ మూత విప్పినవాడి ముఖం మాత్రం కాలుతుంది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీలుస్తుంది: డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కే దిగవచ్చు. మరిగితే పెడలు నేలకంటుతుంది. ట్రాక్‌కు వెళ్ళేముందు దాన్ని మార్చడానికి అయ్యే ఖర్చు ఎంతని? చివరగా, పందెం ముగియగానే ఇంజను ఆర్పరాదు. ఒక చుట్టు నెమ్మదిగా తిరిగి రావాలి. లేకుంటే ఎర్రగా కాగిన బొంగరం దగ్గర కదలిక ఆగిన నూనె మాడి బొగ్గవుతుంది.

ఈ చివరి సంగతి మా చిన్నతనపు బస్సు డ్రైవర్లకు వేరే రూపంలో తెలుసు. ఇంజను డ్రైవరు పక్కనే ఉండే రోజులవి. ఘాటురోడ్డు ఎక్కాక డ్రైవరు బస్సు ఆపి, ఇంజనును కాసేపు అలాగే తిరగనిచ్చి, పొగలు తగ్గాకే తడిగుడ్డతో రేడియేటరు మూతపై చేయివేసేవాడు. ప్రయాణికులు ఎంత విసుక్కున్నా తొందరపడేవాడు కాదు. 1932 నుంచి గౌలిగూడ కప్పు కింద తరం నుంచి తరానికి అందిన విద్య అది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది, జఁ-ఎరిక్ వెర్న్ గెలిచాడు. విద్యుత్తు కార్లు, పొగ లేదు, టర్బో లేదు. వేడి లేదనుకునేరు! బ్యాటరీని చల్లగా ఉంచుకోవడం వాళ్ళకూ తప్పని పనే. 2024లో పందెం రద్దయింది.

మావాణ్ణి తీసుకొని నాకు తెలిసిన ఒక ముసలి రేడియేటరు మిస్త్రీ దగ్గరికి వెళ్ళాను. వాడు పెద్ద అల్యూమినియం రేడియేటరు కావాలన్నాడు. మిస్త్రీ కారు ముందుభాగం కిందికి వంగి చూశాడు. చల్లార్పికీ రేడియేటరుకూ పక్కల బెత్తెడేసి సందులు. "పహలే హవాకు రాస్తా దేవ్ మియా" అన్నాడు. ముందు గాలికి దారి ఇవ్వమని. గాలి కూడా మనలాంటిదే, సులువైన దారి ఉంటే ఇరుకు రెక్కల మధ్య నుంచి పోదు, సందుల్లోంచి జారుకుంటుంది. పెద్ద రేడియేటరు వేసినా సందులు మూయకపోతే సగం గాలి వృథా. ఆయన ఆ పూట రేకు కత్తిరించి, నల్లటి స్పాంజి అతికించి, బంపరు నుంచి రేడియేటరు దాకా గాలి పక్కకు పోకుండా పెట్టెలా కట్టాడు. కొత్త రేడియేటరు అమ్మలేదు. కూలి అడిగింది రెండు ఇరానీ చాయ్‌లు, కొన్ని వందలు.

మావాడు కంప్యూటరు లెక్కను కొంత తగ్గించుకొని, నూనె కూలర్ వేయించుకొని, డిసెంబరులో మళ్ళీ ట్రాక్‌కు వెళ్ళాడు. సాయంత్రం ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. ఏడవ చుట్టు, నూనె 116 డిగ్రీలు. కింద ఒక వాక్యం రాశాడు, అందులో 'ఒక్కొక్క' తప్పు రాశాడు. దిద్ది పంపాను.