రోడ్డు గీత ముందా, అడవి లెక్క ముందా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

పోయిన వారం గ్రూపులో 516ఇ హైవే మీద గట్టి వాదనే నడిచింది. రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే రోడ్డు. రోడ్డు కావాలి అని సగం మంది, వద్దు అని సగం మంది. నాకైతే ఆ ప్రశ్నే తప్పుగా అనిపించింది. గర్భిణిని డోలీలో మోసిన ఊరివాళ్ళెవరూ రోడ్డు వద్దనరు. గీత ఎప్పుడు గీశారు, మన అడవినీ ఊరినీ లెక్కలోకి ఎప్పుడు తీసుకున్నారు? అడగాల్సింది అది. హిస్టరీ చదువుతున్నాను కాబట్టి వెనక నుంచి వస్తాను.

మన్యంలో రోడ్డు గొడవ కొత్తది కాదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగిందని మనందరం చదువుకున్నాం. దాని వెనక ఒక రోడ్డు ఉంది. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు పని చేయించాడు. కొండ జనాన్ని బలవంతంగా పనికి దింపి, కూలి సరిగా ఇవ్వలేదు. ఎదురు తిరిగినవాళ్ళని వేధించాడు. గాం గంటం దొర, మల్లు దొర అన్నదమ్ములకి అతనితోనే పడింది. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు మీద, కలప మీద ఆంక్షలు. సినిమాల్లో రామరాజు గారి బాణమే కనిపిస్తుంది, ఈ రోడ్డు కూలి సంగతి ఎక్కువగా కనిపించదు. జనం కోపం రాళ్ళ మీద, మట్టి మీద కాదు. తమని ఒక్క మాట అడగకుండా తమ చేతే వేయించుకున్న పద్ధతి మీద.

తర్వాత 1943లో దేశంలోని చీఫ్ ఇంజనీర్లు నాగపూర్‌లో కూర్చుని ఇరవై ఏళ్ళ రోడ్డు ప్లాన్ వేశారు. సాగు బాగా ఉన్న ప్రాంతంలో ఏ ఊరూ మెయిన్ రోడ్డుకి 5 మైళ్ళ కంటే దూరం ఉండకూడదని లెక్క. మంచి లెక్కే. కానీ కొలిచింది దూరం ఒక్కటే. రోడ్డు ప్లాన్ వేసేటప్పుడు అడవికి ఏమవుతుంది అని విడిగా లెక్క కట్టాలనే చట్టం అప్పటికి ఎక్కడా లేదు.

ఆ చట్టం ముందు వచ్చింది అమెరికాలో. 1956 చట్టంతో వాళ్ళు 41,000 మైళ్ళ ఇంటర్‌స్టేట్ రోడ్లు మొదలుపెట్టారు. నగరాల మధ్యలోంచి, ఎక్కువగా నల్లవాళ్ళ పేటల మీదుగా గీతలు గీశారు. సెయింట్ పాల్‌లో రోండో, మయామీలో ఓవర్‌టౌన్ అలాగే చీలిపోయాయి. మెంఫిస్‌లో ఐ-40 ఓవర్టన్ పార్కులోంచి పోవాలన్నారు. జనం కోర్టుకెళ్ళారు. పబ్లిక్ పార్కు మీదుగా రోడ్డు వేయాలంటే వేరే దారి లేదని ముందు తేలాలి అని 1966 రవాణా శాఖ చట్టం చెప్తుంది. 1971 మార్చి 2న సుప్రీంకోర్టు ఆ మాటని గట్టిగా పట్టుకుంది. ఈరోజుకీ ఐ-40 ఆ పార్కులోంచి పోదు. అయితే పార్కు పక్కన ఎవర్‌గ్రీన్ అనే పేటలో వందల ఇళ్ళు కూల్చేశారు. పార్కు మిగిలింది, ఇళ్ళు పోయాయి. అక్కడ నేను చాలాసేపు ఆగాను.

1970 జనవరి 1న నెపా అనే పర్యావరణ చట్టం వచ్చింది. ఐనా పని రెండు టేబుళ్ళ మీదే నడిచింది. ఒక టేబుల్ మీద ఇరవై ఏళ్ళ రోడ్డు ప్లాన్. అది అయ్యాక, కొన్నేళ్ళకి, ఇంకో టేబుల్ మీద లావుపాటి పర్యావరణ రిపోర్టు. అప్పటికి గీత ఖాయం, డబ్బు ఖాయం. ఇక రిపోర్టు రాసేవాళ్ళు ఎన్ని మొక్కలు నాటాలో చెప్పగలరు గానీ, దారి ఇటు కాదు అటు అని చెప్పలేరు. 2005లో వచ్చిన చట్టం ఈ రెండు టేబుళ్ళని దగ్గరికి జరిపింది. దూరకాలపు రోడ్డు ప్లాన్ వేసే దశలోనే దాన్ని ప్రకృతి సంరక్షణ మ్యాపులతో, చారిత్రక స్థలాల జాబితాలతో పక్కపక్కన పెట్టి చూడాలి. రాష్ట్రాల ప్లాన్లకైతే సంబంధిత శాఖలని సంప్రదించాలి, అందులో ట్రైబల్ సంస్థలు అనే మాట కూడా ఉంది. అది కాగితం మీది మాటే అనొచ్చు. మన దగ్గర కాగితం మీద ఏముందో కూడా చూడండి.

1994లో మొదటి ఇఐఏ నోటిఫికేషన్ వచ్చింది, హైవేలు అందులో ఉన్నాయి. 2006లో కొత్తది. 30 కిలోమీటర్లు దాటి జాతీయ రహదారిని వెడల్పు చేస్తే అనుమతి కావాలన్నారు. 2013 ఆగస్టులో ఆ 30ని 100 చేశారు. దాంతో ఏమైందంటే, ఉత్తరాఖండ్‌లో దాదాపు 900 కిలోమీటర్ల చార్‌ధామ్ రోడ్డుని 53 ముక్కలు చేసి, ఏ ముక్కకీ ఇఐఏ అక్కర్లేదన్నారు. కొండ మాత్రం ఒక్కటే కదా!

చెన్నై-సేలం ఎనిమిది లేన్ల రోడ్డు కేసు ఇంకా సూటిగా ఉంటుంది. భూమి తీసుకునే నోటిఫికేషన్‌కి ముందే పర్యావరణ అనుమతి ఉండాలని 2019లో మద్రాసు హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2020 డిసెంబరు 8న సుప్రీంకోర్టు, నోటిఫికేషన్‌కి ముందు అక్కర్లేదు, పని మొదలయ్యే ముందు ఉంటే చాలు అంది. చట్టం ప్రకారం అది సరే కావచ్చు. కానీ భూమి చేతులు మారాక అడిగే ప్రశ్నకి "దారి మార్చండి" అనే జవాబు ఎలా వస్తుంది? ఇక 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా ఉందని సంతోషపడ్డాం కదా. జాతీయ రహదారుల భూసేకరణకి అది వర్తించదు.

అన్నిటికంటే నన్ను ఆపేసింది ఇంకొకటి. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం మన ఊరికి చిన్న రోడ్డు కావాలంటే, హెక్టారు కంటే తక్కువ అడవి, హెక్టారుకి 75 చెట్లు మించకుండా, దానికీ గ్రామసభ సిఫారసు కావాలి. 2013 ఫిబ్రవరి 5న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, చాలా ఊళ్ళ మీదుగా పొడవునా పోయే రోడ్లకి, కాలవలకి, కరెంటు లైన్లకి గ్రామసభ సమ్మతి అవసరం లేదు. అంటే అర కిలోమీటరు రోడ్డుకి మనల్ని అడగాలి, వంద కిలోమీటర్ల రోడ్డుకి అడగక్కర్లేదు. మా మావయ్యకి కూడా తన కాఫీ తోటలో ఎర్ర రంగేసిన రాయి కనపడిన రోజే రోడ్డు సంగతి తెలిసింది.

ఆ సర్క్యులర్‌లోనే ఒక మినహాయింపు ఉంది, చాలామందికి తెలీదు. పీవీటీజీల గుర్తింపు పొందిన హక్కులు దెబ్బతింటే గ్రామసభ సమ్మతి తీసుకోవాల్సిందే. మన ఏజెన్సీలో కొండరెడ్లు, ఆ జాబితాలో ఉన్న ఖోండు, పోర్జా, గదబ శాఖలు దీని కిందకి వస్తారు. కానీ గుర్తింపు పొందిన హక్కు అన్నారు, అంటే పట్టా చేతిలో ఉండాలి. పెసా చట్టం కింద భూసేకరణకి ముందు గ్రామసభని సంప్రదించాలనేది వేరేగా ఉంది. జాతీయ రహదారుల చట్టం కింద 3ఎ నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 21 రోజులే. ఇంగ్లీషు పేపర్లో ఎక్కడో పడిన సర్వే నంబర్లు చూసుకునేసరికే ఆ రోజులు అయిపోతాయి.

అందుకని, సెలవులకి ఇంటికెళ్ళేవాళ్ళు మీ ఊళ్ళో వ్యక్తిగత పట్టాలు ఎన్ని వచ్చాయి, సామూహిక హక్కు పత్రం వచ్చిందా లేదా, పీవీటీజీ కుటుంబాలు ఎన్ని ఉన్నాయి అని రాసుకుని రండి. మా పంచాయతీవి నేను మొదలుపెట్టాను, నాలుగు ఊళ్ళు అయ్యాయి. కొయ్యూరు, అరకు వైపు వాళ్ళు కింద కామెంట్లో ఊరి పేరు పెట్టండి, కాగితం నమూనా పంపిస్తాను.