లైసెన్సు పరీక్ష: అమెరికాలో కైరోప్రాక్టిక్ వృత్తి చరిత్ర

1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదిక అమెరికా వైద్య కళాశాలల రూపురేఖలను మార్చివేసిన తీరును గత భాగంలో చదివాం. ఆ మార్పుకు బయటే నిలిచిన వృత్తుల్లో ఒకటి కైరోప్రాక్టిక్. వెన్నుపూసలను చేతులతో సర్ది రోగాన్ని తగ్గించవచ్చని చెప్పే పద్ధతి ఇది. దీనిని మన పుత్తూరు కట్టుతో పోల్చకూడదు. విరిగిన ఎముకను అతికించడం దీని పని కాదు.

1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ ఈ పద్ధతిని ప్రారంభించాడు. ఆయనకు వైద్య పట్టా లేదు. చెవుడుతో బాధపడుతున్న హార్వే లిలర్డ్ అనే పనివాడికి వెన్ను సర్దితే వినికిడి వచ్చిందని చెప్పుకున్నాడు. 1897లో పాఠశాల తెరిచాడు. 1906లో లైసెన్సు లేకుండా వైద్యం చేశాడన్న నేరంపై జైలుకు వెళ్లాడు.

మరుసటి ఏడాది విస్కాన్సిన్‌లోని లా క్రాస్ పట్టణంలో షెగటారో మోరికుబో అనే కైరోప్రాక్టర్‌పై ఇటువంటి కేసే నడిచింది. అతడు లైసెన్సు లేకుండా ఆస్టియోపతి చేశాడన్నది అభియోగం. కైరోప్రాక్టిక్ వేరు, ఆస్టియోపతి వేరు అని న్యాయవాది టామ్ మోరిస్ వాదించి గెలిచాడు. ఈ తీర్పును కేవలం ఒక వ్యక్తి విడుదలగా చూడరాదు. వేరే శాస్త్రమైతే దానికి వేరే లైసెన్సు బోర్డు ఉండాలి కదా! ఆ తర్వాత కైరోప్రాక్టర్లు శాసనసభలను కోరింది అదే. 1913లో కాన్సాస్ మొదటి చట్టం చేసింది. 1922లో కాలిఫోర్నియాలో ప్రజలే ఓటు వేసి చట్టాన్ని ఆమోదించారు.

వైద్యులు దీనికి మరో మార్గంలో జవాబిచ్చారు. 1925లో విస్కాన్సిన్, కనెక్టికట్‌లలో 'బేసిక్ సైన్స్' చట్టాలు వచ్చాయి. కాలక్రమంలో ఇరవైకి పైగా రాష్ట్రాలు వీటిని అనుసరించాయి. ఏ పద్ధతిలో చికిత్స చేయదలచినా ముందుగా శరీర నిర్మాణం, శరీరధర్మం, రోగనిర్ణయానికి ఆధారమైన శాస్త్రాలలో ఒకే పరీక్ష రాయాలి. చూడటానికి అందరికీ సమానమైన నియమమే. కానీ ఏడాదిన్నర కోర్సు చదివిన కైరోప్రాక్టర్లు పెద్ద సంఖ్యలో తప్పారు. వారిని ఆపడమే ఆ చట్టాల ముఖ్యోద్దేశమని నా అభిప్రాయం. అయితే ఫలితం అక్కడితో ఆగలేదు. విద్యార్థులు పరీక్ష తప్పితే కళాశాలకు మనుగడ లేదు. అందుకని కళాశాలలే కోర్సు కాలాన్ని పెంచి, ప్రయోగశాలలు ఏర్పరచుకోవలసి వచ్చింది.

పరీక్షను తమ చేతుల్లోకి తీసుకోవడం తర్వాతి మెట్టు. 1963లో జాతీయ కైరోప్రాక్టిక్ పరీక్షల బోర్డు ఏర్పడింది. నేడు అది నాలుగు భాగాలుగా పరీక్ష నిర్వహిస్తోంది, చివరిది ప్రాక్టికల్. కోర్సులో కనీసం 4,200 గంటల బోధన ఉండాలి.

ఈ పాఠం చెప్పినప్పుడల్లా విద్యార్థులు అడిగే ప్రశ్న ఒకటుంది: లైసెన్సు ఇచ్చారంటే ఆ చికిత్స పనిచేస్తుందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టేనా? కాదు. అభ్యర్థి నిర్ణీత శిక్షణ పొందాడనే లైసెన్సు చెబుతుంది. పామర్ సిద్ధాంతం నిజమా కాదా అన్నది పరిశోధన తేల్చవలసిన విషయం.

1974లో రెండు సంఘటనలు జరిగాయి. కైరోప్రాక్టిక్ కళాశాలలకు గుర్తింపునిచ్చే మండలిని సమాఖ్య విద్యా కార్యాలయం ఆమోదించింది. అప్పటిదాకా లైసెన్సు ఇవ్వని ఏకైక రాష్ట్రం లూసియానా కూడా చట్టం చేసింది. ఆ దశకం ముగిసేసరికి బేసిక్ సైన్స్ చట్టాలు దాదాపుగా రద్దయ్యాయి. ఆ సబ్జెక్టులు మాత్రం జాతీయ బోర్డు పరీక్ష మొదటి భాగంలో నేటికీ ఉన్నాయి.