మెలనోమా: రోగనిర్ధారణ, అణుచికిత్సల సమన్వయం

చర్మానికి రంగునిచ్చే కణాలలో పుట్టే మెలనోమా క్యాన్సరు భారతీయులలో అరుదు. వచ్చినపుడు తరచుగా అరికాలిలో, గోటి కింద కనిపిస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో వట్టికాళ్లతో పొలం పనులు చేసేవారు ఈ నల్లమచ్చను ఆనెగానో, ముల్లు గాయంగానో భావించే ప్రమాదం ఉన్నది.

శరీరమంతటా వ్యాపించిన మెలనోమాకు థెరనోస్టిక్స్ అనే విధానాన్ని పరిశోధకులు పరీక్షిస్తున్నారు. మెలనోమా కణంపై ఉండే ఎంసీ1ఆర్ గ్రాహకాన్ని పట్టుకునే పెప్టైడ్‌కు సీసం-203ను జోడించి స్కాన్ తీస్తే కణితులున్న చోట్లు తెలుస్తాయి. అదే పెప్టైడ్‌కు సీసం-212ను జోడిస్తే, అది క్షీణించే క్రమంలో వెలువడే ఆల్ఫా కణాలు కణితిని దెబ్బతీస్తాయి. దీని అర్ధాయువు 10.6 గంటలు మాత్రమే. మందు చేరని కణితిని స్కాన్‌లోనే గుర్తించి, నిష్ఫల చికిత్సను నివారించవచ్చు. ఈ విధానపు అసలు విలువ అదే.

థైరాయిడ్ క్యాన్సరుకు అయోడిన్-131 దశాబ్దాలుగా వాడుకలో ఉన్నది. ప్రొస్టేట్ క్యాన్సరుకు లుటీషియం-177 ఔషధాన్ని 2022లో అమెరికా ఆమోదించింది. మెలనోమాలో మాత్రం ఇది ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నది. కనుక తొలిదశలో శస్త్రచికిత్సతో మచ్చను తొలగించడమే ప్రధాన మార్గం.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. పెరుగుతున్న, అంచులు సమంగా లేని, రక్తం కారే మచ్చను పసరు పూయక, కోయక అక్కడి వైద్యులకు చూపించాలి. బయాప్సీలో వ్యాధి నిర్ధారణ అయితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రిలో చికిత్స పొందవచ్చు.