హార్మోన్ చికిత్స ఎవరికి? ఒక వైద్య నిర్ణయం చరిత్ర

ముట్లుడిగిన స్త్రీకి హార్మోన్ చికిత్స తగునా తగదా అని తేల్చే ముందు నేటి వైద్యులు అడిగే ప్రశ్నలు కొన్నే: గర్భసంచి ఉందా, వయసెంత, ముట్లు ఆగి ఎన్నేళ్ళయింది, రొమ్ము క్యాన్సర్ గాని సిరల్లో రక్తం గడ్డకట్టడం గాని ఎప్పుడైనా వచ్చిందా. ఇప్పుడు ఒకే వరుసలో కనిపించే ఈ ప్రశ్నలు ఒకేసారి పుట్టినవి కావు. ఒక్కొక్కటి ఒక్కో కాలంలో, చాలాసార్లు అంతకుముందు అడగనందువల్ల కలిగిన నష్టం బయటపడిన తరువాతనే, వైద్యుల నోటికి వచ్చింది.

పంతొమ్మిదో శతాబ్దం చివరి దశకంలో ఐరోపా వైద్యులు పశువుల అండాశయాల పొడిని, సారాన్ని రోగులకు ఇచ్చి చూశారు గాని, ఆ సారంలో పనిచేసేది ఏదో వారికి తెలియదు. అది తెలియడానికి 1929 దాకా పట్టింది. ఆ ఏడాది అమెరికాలో ఎడ్వర్డ్ డాయిజీ, జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాంట్ వేరువేరుగా గర్భిణుల మూత్రం నుంచి ఈస్ట్రోన్‌ను, అంటే అండాశయాలలో తయారయ్యే ఈస్ట్రోజన్ వర్గపు హార్మోన్లలో ఒకదానిని, శుద్ధరూపంలో వేరుచేశారు. చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్ల మిశ్రమం ‘ప్రెమారిన్’ పేరుతో 1941లో కెనడాలోను, మరుసటి ఏడాది అమెరికాలోను అంగడికి వచ్చింది. ఒళ్ళంతా ఒక్కసారిగా వేడెక్కి చెమటలు పట్టే ఆవిర్లకు అది నిజంగా పనిచేసింది కాబట్టి, బాధ ఉన్నవారికి మందు, లేనివారికి అక్కర్లేదు అన్న పాత వైద్యనీతి అప్పటికి చెల్లింది.

ఆ హద్దును చెరిపినవాడు న్యూయార్క్ స్త్రీవైద్యుడు రాబర్ట్ విల్సన్. 1966లో వెలువడిన ‘ఫెమినిన్ ఫరెవర్’ గ్రంథంలో ఆయన ముట్లుడగడాన్నే హార్మోన్ లోపం వల్ల వచ్చే రోగంగా వర్ణించి, ప్రతి స్త్రీకీ ఈస్ట్రోజన్ అవసరమన్నాడు. జీవితంలో సహజంగా వచ్చే ఒక దశను లోపమని నిర్వచించిన క్షణంలోనే ఎవరికి తగును అన్న ప్రశ్నకు చోటు లేకుండా పోయింది, ఎందుకంటే ఆ లోపం తప్పించుకోగల స్త్రీ లేదు. ఆయనకు మందుల కంపెనీ డబ్బు అందిందన్న విషయం చాలా కాలం తరువాత పత్రికల్లో వచ్చింది గాని, పుస్తకం చేయవలసిన పని అప్పటికే చేసేసింది.

1975 డిసెంబరులో ఒకే వైద్యపత్రికలో అచ్చయిన రెండు అధ్యయనాలు, ఈస్ట్రోజన్ వాడినవారిలో గర్భసంచి లోపొర క్యాన్సర్ ముప్పు సుమారు నాలుగున్నర నుంచి ఏడున్నర రెట్ల దాకా ఎక్కువని చూపాయి. ఈస్ట్రోజన్ ఆ పొరను పెంచుతుంది; సహజ ఋతుచక్రంలో ఆ పెరుగుదలను అదుపుచేసేది ప్రొజెస్టరాన్ అనే రెండో హార్మోన్; గోళీలో మొదటిది మాత్రమే ఉంది. గర్భసంచి ఉన్నవారికి రెండూ కలిపి, లేనివారికి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వాలన్న నియమం అక్కడ పుట్టింది. 1977 నుంచి అమెరికా ప్రభుత్వం రోగి చదువుకోవడానికి వీలైన కరపత్రాన్ని ఈస్ట్రోజన్ డబ్బాలో తప్పనిసరి చేయడంతో, వైద్యుడు ఒంటరిగా చేసే నిర్ణయంలో స్త్రీకి కూడా కొంత భాగం దక్కింది.

తరువాతి మలుపు మరింత చిక్కైనది. 1976లో మొదలైన అమెరికన్ నర్సుల అధ్యయనం వంటివి, హార్మోన్లు వాడేవారిలో గుండెజబ్బు తక్కువగా ఉన్నదని చెప్పగా, 1992 నాటికి అక్కడి వైద్యసంఘం ఒకటి స్త్రీలందరూ ఈ చికిత్సను ఆలోచించాలని సలహా ఇచ్చింది. ఆ రోజుల్లో హార్మోన్లు అడిగి వాడిన స్త్రీలు చాలావరకు చదువు, ఆదాయం, ఆరోగ్యస్పృహ ఎక్కువగా ఉన్నవారన్న సంగతి లెక్కలోకి సరిగా రాలేదు. మందు గుణాన్ని వాడేవారి అదృష్టం నుంచి వేరుచేయాలంటే, ఎవరికి మందు, ఎవరికి ఉత్తుత్తి గోళీ అన్నది లాటరీ పద్ధతిలో తేల్చే ప్రయోగం కావాలి.

అటువంటి ప్రయోగమే ‘విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’. గర్భసంచి ఉన్న 16,608 మంది స్త్రీలపై జరిగిన ఈ పరీక్షను 2002 జులైలో, సగటున 5.2 ఏళ్ళ తరువాత, గడువుకు ముందే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందని పత్రికలు ప్రకటించాయి. ఆ శాతం వెనుక ఉన్న లెక్క ఏమిటంటే, ఏడాదికి పదివేలమందిలో 30గా ఉన్న కేసులు 38 అయ్యాయి. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల్లో రక్తపుగడ్డలు కొంత పెరిగాయి. తుంటి ఎముక విరగడం, పెద్దపేగు క్యాన్సర్ కొంత తగ్గాయి. ఏడాది తిరక్కుండానే లక్షలాది స్త్రీలు గోళీలు మానేశారు. పాల్గొన్నవారి సగటు వయసు 63 అని, అంటే చాలామందికి ముట్లు ఆగి పదేళ్ళు దాటిందని, ఆవిర్లు తగ్గించడం ఆ పరీక్ష లక్ష్యమే కాదని గమనించినవారు తక్కువ. 2007 నాటి పునర్విశ్లేషణలో ముట్లు ఆగిన పదేళ్ళలోపు మొదలుపెట్టినవారికి గుండెజబ్బు ముప్పు పెరిగినట్టు కనిపించకపోవడంతో, వయసు ప్రశ్న వైద్యుల వరుసలో చేరింది. నోటి ద్వారా తీసుకున్న ఈస్ట్రోజన్ ముందుగా కాలేయం చేరి రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లను పెంచుతుందని, చర్మానికి అంటించే ప్యాచ్‌తో ఆ ముప్పు దాదాపు లేదని తేలడంతో, ఏ రూపంలో ఇవ్వాలన్నదీ ప్రశ్నే అయింది.

రొమ్ము క్యాన్సర్ భయం మాత్రం పూర్తిగా అపోహ కాదు. 2019లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించిన విశ్లేషణ ప్రకారం యాభయ్యో ఏట మొదలుపెట్టి ఐదేళ్ళు రెండు హార్మోన్లనూ రోజూ వాడితే, తరువాతి కాలాన్నీ కలుపుకొని ఇరవై ఏళ్ళలో సుమారు యాభైమందికి ఒకరు అదనంగా ఆ జబ్బు పడతారు. ఈస్ట్రోజన్ ఒక్కటే అయితే రెండువందలమందికి ఒకరు. ఈ అంకె ఒకరికి భరించదగినదిగా, ఇంకొకరికి భరించరానిదిగా తోచడం సహజమే.

తెలుగు నేలకు ఈ చరిత్ర మరో రూపంలో చేరింది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8 శాతానికి దగ్గరగా ఉన్నారు. గర్భసంచితో పాటు రెండు అండాశయాలనూ నలభై ఏళ్ళలోపే తీసివేస్తే ముట్లుడిగే దశ ఒక్కరోజులో వచ్చిపడుతుంది. ఎముకలు పలచబడటం, గుండెజబ్బు ముందుగానే మొదలయ్యే ముప్పు పెరుగుతుంది. ఇటువంటివారికి, రొమ్ము క్యాన్సర్ వంటి అడ్డంకి లేనప్పుడు, సహజ వయసు వచ్చేదాకా హార్మోన్లు ఇవ్వడమే మేలన్నది నేటి వైద్యమార్గదర్శకాల మాట. 63 ఏళ్ళ సగటు వయసువారిపై వచ్చిన ఫలితాలు వీరికి వర్తించవు. కనుక ఆపరేషన్ అయిన స్త్రీ ముందుగా తన ఆసుపత్రి కాగితాల్లో అండాశయాలు ఉంచారో తీసివేశారో చూసుకొని, ఆ కాగితాన్ని వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.