కత్తి వైద్యునిది, నిర్ణయ మెవరిది?

వైద్యశాస్త్ర చరిత్ర అనగానే గొప్ప వైద్యుల పేర్లు, వారు కనుగొన్న చికిత్సల పేర్లు మనకు గుర్తుకు వచ్చుట సహజము. రోగిగా మంచము మీద పడుకొన్నవారి కథ సాధారణముగా ఆ చరిత్రలోని కెక్కదు. మన పెద్దలు రాచపుండు అని పిలిచిన కాన్సరు వ్యాధిలో, అందును స్త్రీల రొమ్ముకు వచ్చు కాన్సరు విషయములో, ఆ రెండవ కథను కూడ తెలిసికొనవలసి ఉన్నది. ఎంత కోయవలెను అను ప్రశ్నకు జవాబు మారుటకు ఇంచుమించు నూరేండ్లు పట్టినది. ఆ జవాబు ఎవరు చెప్పవలెను అను ప్రశ్న ఇంకను ఆలస్యముగా పుట్టినది. ఈ ప్రసంగములో మేము ఆ రెండు ప్రశ్నలను కలిపి పరిశీలింపదలచినాము.

మొదటి సాక్ష్యము ఒక రచయిత్రి వ్రాసిన ఉత్తరములో ఉన్నది. ఫానీ బర్నీ ఇంగ్లండులో పేరుపొందిన నవలాకారిణి. 1778లో వెలువడిన 'ఎవెలీనా' అను నవలతో ఆమె కీర్తి వ్యాపించినది. ఫ్రెంచి సేనాని దార్బ్లేను పెండ్లాడి, యుద్ధముల కారణమున స్వదేశమునకు పోలేక పారిస్ నగరములో ఉన్న రోజులలో ఆమె రొమ్ములో బాధ మొదలయినది. నెపోలియన్ సైన్యములో ప్రసిద్ధుడైన వైద్యుడు బారన్ లారే మొదలగువారు పరీక్షించి, కోత తప్పదని తేల్చినారు. 1811 సెప్టెంబరు 30వ తేదీన ఆమె ఇంటిలోనే ఆ శస్త్రచికిత్స జరిగినది. ఆమెకు ఇచ్చినది కొంచెము ద్రాక్షసారా మాత్రమే. సుమారు 20 నిమిషములు ఆ కోతను ఆమె మత్తుమందు లేకుండ భరించినది.

ఆ బాధ ఎంతటిదో ఊహించుకొనవచ్చును. కాని ఆ ఉత్తరములో అంతకంటె ఆలోచింపదగిన సంగతి మరొకటి కలదు. వైద్యులు వచ్చు వేళ ఆమెకు రెండు గంటల ముందు మాత్రమే తెలిసినది. ఆ కొద్ది వ్యవధిలో ఆమె చేసిన పను లెట్టివి? భర్త ఆ దృశ్యము చూచి తట్టుకొనలేడని, ఆయనను కార్యాలయములోనే నిలుపునట్లు ఏర్పాటు చేసినది. ఆయన కొరకు వేరొక గదిని సిద్ధపరచినది. ఒకవేళ తాను బ్రతుకని పక్షమున అందజేయుటకు భర్తకు, కుమారునికి నాలుగు మాటలు వ్రాసి ఉంచినది. కత్తి తన మీదికి వచ్చుచుండగా సంసారమునకు కావలసిన జాగ్రత్తలు చేసికొన్నది. తరువాత కొన్ని నెలలపాటు కొంచెము కొంచెముగా వ్రాసి, తన అక్కకు ఈ వృత్తాంతము తెలిపినది. 1840 వరకు, 87 ఏండ్లు, ఆమె జీవించినది. ఈ కథలో కుటుంబభారము వహించినది రోగియే. ఎప్పుడు కోయవలె నన్నది నిర్ణయించినవారు ఇతరులు.

1846లో అమెరికాలోని బోస్టన్ నగరమున ఈథరు మత్తుతో శస్త్రచికిత్స చేసి చూపినారు. 1867లో జోసెఫ్ లిస్టరు గాయములు చీము పట్టకుండు విధానమును ప్రకటించినాడు. ఈ రెండింటితో శస్త్రవైద్యునికి ధైర్యము వచ్చినది. దానితోపాటు కోత కూడ పెద్దదయినది. అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో పనిచేసిన విలియం హాల్‌స్టెడ్ 1894లో తన పద్ధతిని విపులముగా ప్రకటించినాడు. రొమ్ము, దాని క్రిందనున్న ఛాతీ కండరములు, చంకలోని గ్రంథులు - ఈ మూడింటిని కలిపి ఒకేసారి తొలగించుట ఆ పద్ధతి. కాన్సరు ఒక చోట పుట్టి, మెట్టు మెట్టుగా చుట్టుప్రక్కలకు ప్రాకునని, కాబట్టి ఎంత దూరము కోసిన అంత క్షేమమని ఆయన నమ్మకము. ఆ కాలమున స్త్రీలు వ్యాధి బాగుగా ముదిరిన పిమ్మటనే వైద్యుని వద్దకు వచ్చువారు. అట్టివారిలో కోసినచోటనే వ్యాధి మరల తలయెత్తుట ఈ పద్ధతివలన తగ్గినది. కనుక ఆయనను నిందించుట న్యాయము కాదు. కాని ఆ పద్ధతి ఎనుబది ఏండ్లపాటు ప్రశ్నింపరాని శాసనమై కూర్చున్నది. చికిత్స పొందిన స్త్రీలలో అనేకులకు చేయి వాచి, భుజము బిగిసిపోయెడిది. ఇంటిలో నీళ్లబిందె ఎత్తవలసినది, చంటిబిడ్డను చంకనెత్తుకొనవలసినది ఆ చేతనే గదా!

ఈ శాసనమును సందేహించినవారు లేకపోలేదు. లండనులో జెఫ్రీ కీన్స్ అను వైద్యుడు - ప్రసిద్ధ అర్థశాస్త్రవేత్త కీన్స్‌కు తమ్ముడు - 1920 దశాబ్దములో రేడియం సూదులతో చికిత్స చేసి, చిన్న కోతతో కూడ మంచి ఫలితములు వచ్చునని చూపినాడు. ఆయన మాటను చాలమంది చెవిని పెట్టలేదు.

అమెరికాలో 1970 దశాబ్దము వరకు ఒక ఆచారము సాగినది. రొమ్ములో గడ్డ ఉన్న స్త్రీకి మత్తు ఇచ్చి, చిన్న ముక్క తీసి, వెంటనే సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. కాన్సరని తేలినచో ఆమెను లేపకుండగనే రొమ్ము తొలగింతురు. కండ్లు మూసికొన్నప్పుడు ఆమెకు వ్యాధి ఉన్నదో లేదో తెలియదు. తెరచునప్పటికి అంతయు ముగిసిపోయినది. 1974లో రోజ్ కుష్నర్ అను పాత్రికేయురాలు దీనికి ఒప్పుకొనలేదు. ముందు పరీక్ష మాత్రమే చేయుడని, చికిత్స మాట తరువాత తాను ఆలోచించుకొందునని పట్టుపట్టినది. అందుకు అంగీకరించు వైద్యుని వెదకుటయే ఆమెకు కష్టమయినది. ఆ ఏడాది సెప్టెంబరులోనే అమెరికా అధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డ్ తనకు జరిగిన శస్త్రచికిత్సను దాచక లోకమునకు తెలిపినది. చాటుమాటు వ్యాధి బహిరంగమయినది. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు సమావేశపరచిన నిపుణుల మండలిలో కుష్నర్ కూడ ఒక సభ్యురాలు. పరీక్ష వేరు, చికిత్స వేరుగా ఉండవలెనని ఆ మండలి సిఫారసు చేసినది.

ఇక ఎంత కోయవలె నను ప్రశ్న. దీనికి వాదముతో కాక లెక్కలతో జవాబు చెప్పినవారు ఇద్దరు: అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్తో వెరొనేసి. వెరొనేసి మిలాన్ నగరములో 1973 నుండి 1980 వరకు, చిన్న గడ్డలు గల 701 మంది స్త్రీలను రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు హాల్‌స్టెడ్ కోత, రెండవదానికి రొమ్ములో కొంతభాగము మాత్రము తీసి రేడియేషను చికిత్స జరిపించినాడు. ఫిషర్ 1976లో ఆరంభించిన పరిశోధనలో రెండువేలమందికి పైగా పాల్గొన్నారు. ఇరువది ఏండ్లు గమనించి 2002లో ఇద్దరును తుది ఫలితములు ప్రకటించినారు. రొమ్ము నిలుపుకొన్నవారును, పోగొట్టుకొన్నవారును ఒకే విధముగ జీవించినారు. అయితే గడ్డను మాత్రమే తీసి రేడియేషను ఇయ్యనివారిలో 100కి 39 మందికి అదే రొమ్ములో వ్యాధి తిరిగివచ్చినది. ఇచ్చినవారిలో 14 మందికి మాత్రమే.

కాన్సరు కణములు మొదటినుండియే రక్తములో సంచరింపవచ్చునని, కాబట్టి శరీరమంతటికి పనిచేయు మందు కావలెనని ఫిషర్ సిద్ధాంతము. మిలాన్‌లోనే బొనదొన్నా అను వైద్యుడు 1976లో మూడు మందుల చికిత్సా ఫలితములను ప్రకటించినాడు. అందులో ఒకటి మెథోట్రెక్సేట్. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆ మందు రూపొందిన పరిశోధనకు నాయకత్వము వహించినవాడు భీమవరములో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లోనే గతించిన ఆ మహనీయుడు ఈ ఫలితమును చూడలేదు.

నేడు తొలిదశలో వ్యాధి కనిపించిన అనేకమంది స్త్రీల ముందు రెండు దారులు ఉన్నవి. ఆయుర్దాయము రెండింటను సమానమే. గడ్డలు అనేక చోట్ల ఉన్నను, మిక్కిలి పెద్దవైనను, రేడియేషను పనికిరాని స్థితి యున్నను పూర్తి తొలగింపే మేలు కావచ్చును. అది వైద్యుడు చెప్పవలసిన మాట. కాని రెండు దారులు తెరచియున్నప్పుడు ఎన్నిక స్త్రీదే. ఈ ఎన్నికలో సంసారము ఎట్లు అడ్డువచ్చునో గమనింపుడు. రొమ్ము నిలుపుకొన్నచో రేడియేషను ఉండవలెను. పూర్వము అది వారమునకు ఐదు రోజుల చొప్పున ఐదు వారములు. పల్లెటూరి గృహిణి అన్నినాళ్లు పట్టణములో ఎక్కడ ఉండును? పిల్లలను బడికి ఎవరు పంపుదురు? మంచమెక్కిన అత్తగారికి గంజి ఎవరు కాచి పోయుదురు? ఈ ప్రశ్నలకు జవాబు లేక, 'ఒక్కసారి కోసివేయుడు, ఇంటికి పోయెదను' అను తల్లు లెందరో! అది ఎన్నిక అనిపించుకొనునా?

శాస్త్రము ఇచ్చట కొంత దారి చూపినది. తగినవారికి మూడు వారముల చికిత్స చాలునని బ్రిటనులోని పరిశోధనలు నిరూపించినవి. 2020లో ప్రకటించిన మరొక పరిశోధన ఒక్క వారమునకే తగ్గించినది. చంకలోని గ్రంథులన్నిటిని తీయక, మొదటి ఒకటి రెండింటిని పరీక్షించు పద్ధతి వచ్చి, చేతివాపు తగ్గినది. మిగిలిన దారి ఇంటివారు చూపవలెను. రోగము నిర్ణయమైన పిమ్మట రెండు మూడు వారములు ఆలోచించుకొనుటకు సాధారణముగ వ్యవధి ఉండును. పెండ్లి కానిమ్ము, కోతలు కానిమ్ము అని నెలలు గడపుట మాత్రము ప్రాణాపాయము. ఆ రెండు మూడు వారములలో భర్తయు, కుమారులును ఆమె తరఫున తీర్పు చెప్పుటకు తొందరపడవలదు. పొయ్యి దగ్గర పని ఎవరు చూతురో, పిల్లల నెవరు కనిపెట్టుకొందురో ముందుగా చెప్పవలెను. ఆ భారము దిగిననాడే ఆమె తన శరీరమును గురించి తాను ఆలోచింపగలదు.

ఫానీ బర్నీ తన ఇంటి ఏర్పాట్లన్నియు తానే చేసికొని కత్తి క్రింద పడుకొన్నది. రెండు శతాబ్దములు గడచినవి. ఆ ఏర్పాట్లు చేయవలసిన వంతు ఇప్పుడు ఆమె చుట్టునున్నవారిది.